నెదర్లాండ్స్‌లో ఇంటిల్లిపాదీ సైకిళ్ళ మీద తిరగాలంటే ఏం చేయాలి

ఆమ్‌స్టెల్‌వీన్‌లోనో ఐండ్‌హోవెన్‌లోనో ఉద్యోగం వచ్చి, పిల్లలతో సహా కొత్తగా దిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దిగిన వారానికే ఇంటి నుంచి ఫోన్లలో "కారు ఎప్పుడు కొంటున్నారు?" అని అడగడం మొదలవుతుంది. నా మాట విని కనీసం ఒక ఏడాది ఆ ఊసు పక్కన పెట్టండి. మేం నలుగురం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. ఆరేళ్ళుగా ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నాం, బడికి, ఆఫీసుకి, కూరగాయలకి, డాక్టర్ దగ్గరికి, పుట్టినరోజు పార్టీలకి అన్నిటికీ సైకిలే. అయితే చిన్నప్పుడు నేర్చుకున్నాం కదా అని ఎక్కి కూర్చుంటే సరిపోదు. తొక్కడం అందరికీ వచ్చు, ఎవరికి ఎప్పుడు దారి ఇవ్వాలో తెలియకపోవడమే మన అసలు ఇబ్బంది. అది నేర్చుకోవడానికే మీ మొదటి నెల మొత్తం పెట్టండి.

ముందు మీరు తొక్కండి, పిల్లల్ని తర్వాత ఎక్కించండి

మొదటి రెండు వారాలు పిల్లల్ని ట్రామ్‌లోనో నడిపించో బడికి తీసుకెళ్ళండి. మీరిద్దరూ మాత్రం రోజూ ఒక అరగంట, ఆదివారం పొద్దున్నే అయితే ఇంకా మంచిది, ఖాళీ సైకిల్ మీద బడి దాకా వెళ్ళి రండి. ఎందుకంటే ఇక్కడ బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. అది ఎవరికైనా తెలిసిన విషయమే, కానీ తెలియడం వేరు, ఒంటికి అలవాటు కావడం వేరు. నలుగురి మధ్యలో వెళ్తున్నప్పుడు పొరపాటు జరగదు, ముందున్నవాళ్ళ వెనకే పోతాం. పొద్దున్నే ఎవరూ లేని వీధిలోంచి మలుపు తిరిగి పెద్ద దారిలోకి వచ్చినప్పుడు చేతులు వాటంతట అవే ఎడమవైపుకి తిప్పేస్తాయి. మా ఆయన పదేళ్ళు హైదరాబాద్‌లో బైక్ నడిపిన మనిషి, ఆయనకి ఇది నాకంటే ఎక్కువ రోజులు పట్టింది. మలుపు తిరిగే ప్రతిసారీ నోటితో "కుడి" అని అనుకోమని చెప్పాను, నెల రోజులు అలాగే చేశారు.

బైక్ నడిపిన మగవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి. మన దగ్గర సందు దొరికితే దూరిపోవడం, హారన్ కొట్టి మనం వస్తున్నట్టు చెప్పడం బండి నడిపేవాళ్ళకి రక్తంలో ఉంటుంది. ఇక్కడ సైకిళ్ళ దారిలో మీ పక్కన వెళ్ళే మనిషి మీరు ఉన్న గీతలోనే వెళ్తారని నమ్మి తొక్కుతున్నాడు. తిరగాలంటే ఆ వైపు చెయ్యి చాపాలి, చాపి ఒక క్షణం ఆగి వెనక్కి చూసి అప్పుడు తిరగాలి. ఉన్నట్టుండి ఆగితే వెనక ఉన్నవాళ్ళు మీ మీదికి వచ్చేస్తారు. ఫోన్ మోగినా, దారి తప్పినా ముందు పక్కకి జరిగి దిగండి. 2019 జూలై 1 నుంచి సైకిల్ మీద ఫోన్ చేతిలో పట్టుకోవడం నేరం, జరిమానా 150 యూరోల పైనే.

సైకిల్ కొనడం

కొత్తది కొనకండి. మంచి సెకండ్ హ్యాండ్ సైకిల్ 150 నుంచి 250 యూరోల్లో వస్తుంది. మార్క్ట్‌ప్లాట్స్ అనే సైట్‌లో బోలెడు ఉంటాయి, కానీ మొదటి సైకిల్ మాత్రం మీ ఇంటి దగ్గర ఉన్న సైకిల్ రిపేర్ షాపులోనే కొనండి, పది ఇరవై యూరోలు ఎక్కువైనా సరే. వాళ్ళు బిల్లు ఇస్తారు, సీటు ఎత్తు సరిచేస్తారు, నెల తర్వాత బ్రేక్ వదులైతే బిగించి పంపుతారు. బయట మనిషి దగ్గర కొంటే ఫ్రేమ్ నంబర్ అడిగి పోలీసులు నడిపే స్టాప్‌హేలింగ్ సైట్‌లో కొట్టి చూడండి. దొంగ సైకిల్ అయితే అక్కడే తెలుస్తుంది. మరీ చవకగా 30, 40 యూరోలకి వీధిలో అమ్మేవాటి జోలికి అసలు పోవద్దు, దొంగ సొత్తు అని తెలిసో, తెలుసుకోవాల్సి ఉండీ కొనడం ఇక్కడ కేసు.

సైజు ముఖ్యం. ఇక్కడి మనుషులు బాగా పొడుగు, వాళ్ళు అమ్మే సైకిళ్ళు కూడా అంతే. మీ ఎత్తు ఐదడుగుల రెండు మూడు అంగుళాలు అయితే 50 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఫ్రేమ్ అడగండి. రంగు నచ్చిందని 57 కొంటే సిగ్నల్ దగ్గర కాలు నేలకి అందదు, వెనక పిల్లవాడు ఉన్నప్పుడు అది చాలా ప్రమాదం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగం నేలకి తగలాలి. ఇక్కడివాళ్ళు ఇంకా ఎత్తు పెట్టుకుంటారు, మీరు అలవాటయ్యాక పెంచుకోవచ్చు.

చాలా సైకిళ్ళకి హ్యాండిల్ మీద బ్రేక్ ఉండదు, లేదా ముందు చక్రానికి ఒక్కటే ఉంటుంది. వెనక బ్రేక్ పెడల్‌లోనే ఉంటుంది, వెనక్కి తొక్కితే ఆగుతుంది. మన దగ్గర ఖాళీగా వెనక్కి తొక్కుతూ కిరకిరమనిపించడం అందరికీ అలవాటే కదా, ఇక్కడ అలా చేస్తే సైకిల్ ఠక్కున ఆగిపోతుంది. అందుకే ముందు రెండు వారాలు పిల్లలు లేకుండా తొక్కమన్నాను. ఆగాక పెడల్ పైకి తెచ్చుకోవడం కూడా కుదరదు కాబట్టి, ఆగే ముందే కుడికాలు పెడల్ పైన ఉండేలా ఆపడం సాధన చేయండి, లేకపోతే సిగ్నల్ పడ్డాక బయల్దేరడానికి తంటాలు పడాలి.

చుడీదార్ వేసుకునేవాళ్ళు చైన్ మొత్తం మూసి ఉండే కేస్, వెనక చక్రానికి రెండు పక్కలా కవర్ ఉన్న సైకిలే తీసుకోండి. ఇక్కడ దాన్ని ఓమాఫీట్స్ అంటారు, బామ్మల సైకిల్ అని అర్థం, ముందు కడ్డీ ఉండదు కాబట్టి చీరతో కూడా ఎక్కొచ్చు. నా మొదటి సైకిల్‌కి ఆ కవర్ లేదు. వచ్చిన మూడో వారంలో చున్నీ కొస జారి వెనక చక్రంలోకి వెళ్ళింది, మెడ వెనక్కి లాగినట్టయింది, కాళ్ళు కింద పెట్టి ఆపేసరికి బట్ట ఇరుసుకి మూడు చుట్లు చుట్టుకుని గ్రీజు నల్లగా పట్టేసింది. అప్పటికి మెల్లగా వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది. చున్నీని ఒక భుజం మీంచి అడ్డంగా వేసి నడుము దగ్గర గట్టిగా ముడి వేయండి, పైన జాకెట్ జిప్ పెట్టండి. ఈ విషయంలో బద్ధకం వద్దు.

తాళాలు రెండు కావాలి. వెనక చక్రానికి బిగించి ఉండే రింగ్ తాళం ఒకటి, స్టాండ్‌కో స్తంభానికో కట్టే లావు గొలుసు ఒకటి. గొలుసు మీద ఆర్ట్ అని రాసి రెండు నక్షత్రాలు ఉండాలి, దొంగతనం బీమా చేయిస్తే కంపెనీలు అది అడుగుతాయి. ఇది కాకుండా, మీ వల్ల వేరేవాళ్ళకి జరిగే నష్టానికి ఇంటి మొత్తానికి కలిపి బీమా ఉంటుంది, నెలకి కొన్ని యూరోలే. మీ పిల్లవాడి సైకిల్ వెళ్ళి పక్కింటివాళ్ళ కారుకి గీత పెడితే ఆ బీమానే ఆదుకుంటుంది. వచ్చిన వారంలోనే చేయించండి.

దారి ఎవరిది

ఇదే అసలు పాఠం. నేల మీద తెల్ల త్రికోణాలు వరసగా గీసి ఉంటాయి, డచ్చివాళ్ళు వాటిని సొరచేప పళ్ళు అంటారు. పళ్ళ కొసలు మీ వైపు చూస్తుంటే మీరు ఆగాలి, అవతలివాళ్ళు వెళ్ళాలి. పిల్లలకి కూడా ఇదే మాటతో చెప్పండి, "సొరచేప నిన్ను చూస్తుంటే ఆగు" అని. మా పాప ఐదేళ్ళప్పుడే పట్టేసింది.

ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళు ముందు వెళ్తారు. కారైనా, సైకిలైనా ఒకటే, 2001 మే 1 నుంచి సైకిళ్ళకి కూడా ఈ నియమం వర్తిస్తుంది. అంటే మీ కుడివైపు సందులోంచి పదేళ్ళ పిల్ల సైకిల్ మీద వస్తున్నా మీరు ఆగాలి, మీరు కుడివైపు నుంచి వస్తుంటే పెద్ద కారు కూడా మీకోసం ఆగుతుంది. ఈ రెండో దానికి అలవాటు పడటమే మనకి కష్టం. కారు ఆగినా మనం ఆగిపోయి "మీరు వెళ్ళండి" అని చెయ్యి ఊపుతాం, అప్పుడు ఇద్దరికీ అయోమయం, వెనకవాళ్ళకి చిరాకు. మీ వంతు వచ్చినప్పుడు డ్రైవర్ కళ్ళలోకి చూసి వెళ్ళిపోండి. ట్రామ్‌కి మాత్రం ఇవేవీ పట్టవు, అది వస్తుంటే మీరే ఆగాలి.

నేరుగా వెళ్ళే సైకిల్‌కి, పక్కకి తిరిగే కారు దారి ఇవ్వాలి. ఇది చట్టం, కానీ లారీల దగ్గర చట్టాన్ని నమ్ముకోవద్దు. లారీకి కుడిపక్కన ఉన్న సైకిల్ డ్రైవర్‌కి కనిపించని చోటు ఉంటుంది. లారీ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే దాని వెనకే ఆగండి, పక్కకి వెళ్ళకండి. పిల్లలకి ఇది వందసార్లు చెప్పినా తక్కువే.

ఎడమకి తిరగాలంటే పెద్ద కూడలిలో రోడ్డు మధ్యలోకి పోవద్దు. నేరుగా అవతలికి దాటి, అక్కడ సైకిళ్ళ కోసం ఉన్న సిగ్నల్ బటన్ నొక్కి, మళ్ళీ ఎడమకి దాటండి. నీలం గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ ఉంటే ఆ దారిలోనే వెళ్ళాలి, పక్కన ఖాళీ రోడ్డు ఉన్నా ఎక్కకూడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోకి వెళ్తే ట్రామ్ పట్టాలు జాగ్రత్త. మన టైరు సరిగ్గా ఆ గాడిలో పట్టేంత లావే ఉంటుంది, పట్టాల్ని వాలుగా కాకుండా వీలైనంత అడ్డంగా దాటండి, వానలో అయితే దిగి దాటినా తప్పులేదు.

ఈ దేశం మొదటి నుంచీ ఇలా లేదు. 1971లో ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల్ని చంపడం ఆపండి" అని వీధుల్లోకి వచ్చారు, 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు, ఆ తర్వాతే ఈ ఎర్రటి సైకిల్ దారులు ఊరూరా పెరిగాయి. కారు సైకిల్‌ని గుద్దితే, సైకిల్ మీద ఉన్నది 14 ఏళ్ళలోపు పిల్లలైతే నష్టపరిహారం దాదాపు ఎప్పుడూ కారు వాళ్ళ మీదే పడుతుంది. నా పిల్ల ఒంటరిగా వీధి చివర దాకా తొక్కుకుంటూ వెళ్తుంటే నేను ధైర్యంగా గుమ్మంలో నిలబడగలుగుతున్నానంటే ఆ తల్లిదండ్రుల పుణ్యమే.

పిల్లల్ని ఎక్కించడం

ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఉత్త క్యారియర్ మీద కూర్చోబెట్టకూడదు, వీపుకి, చేతులకి, కాళ్ళకి ఆసరా ఉన్న సీటు ఉండాలి. తొమ్మిది నెలల నుంచి మూడేళ్ళలోపు, 15 కిలోల వరకు ముందు హ్యాండిల్ దగ్గర పెట్టే చిన్న సీటు, ఆ తర్వాత 22 కిలోల వరకు వెనక సీటు. కాళ్ళు పెట్టుకునే చోట బెల్టు తప్పకుండా బిగించండి, చక్రం ఊచల్లో పాదం పడి దెబ్బ తగిలే పిల్లలు ఇక్కడ కూడా ఉన్నారు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. పిల్లవాణ్ణి సీటులో కూర్చోబెట్టి, స్టాండ్ వేసి వదిలేసి తాళం తీయడానికో బ్యాగ్ తేవడానికో వెళ్ళకండి. పిల్లలు కదిలితే సైకిల్ ఒక్కసారిగా పడిపోతుంది. వరస ఇలా పెట్టుకోండి: ముందు తాళాలు తీయాలి, తర్వాత బ్యాగులు తగిలించాలి, ఆఖరున బిడ్డని ఎక్కించాలి. దిగేటప్పుడు ముందు బిడ్డ, తర్వాతే బ్యాగులు. ఒక చెయ్యి ఎప్పుడూ హ్యాండిల్ మీద, మీ తుంటి సీటుకి ఆనించి ఉండాలి. బ్యాగులు పక్కకి వేలాడేవి రెండు వైపులా ఉండేవి కొనండి, పది కిలోల బియ్యం ఒకే బస్తా తీసుకోకుండా ఐదేసి కిలోలవి రెండు తీసుకుని చెరో పక్క పెడితే బ్యాలెన్స్ బాగుంటుంది. నేను ప్రతి శనివారం ఇండియన్ షాపు నుంచి అలాగే తెస్తాను.

ఇద్దరు చిన్నపిల్లలుంటే ముందు పెద్ద పెట్టె ఉండే బాక్‌ఫీట్స్ చాలా సుఖం. ఎలక్ట్రిక్‌ది ఖరీదు ఎక్కువ, సెకండ్ హ్యాండ్ కొనేముందు ఆ మోడల్ మీద రీకాల్ ఉందేమో తప్పకుండా చూడండి, 2024లో ఫ్రేమ్ విరిగే ప్రమాదం ఉందని కొన్ని మోడళ్ళని ప్రభుత్వం అమ్మకుండా ఆపించింది. మా అత్తగారు వచ్చినప్పుడు పక్కింటివాళ్ళ బాక్‌ఫీట్స్ అడిగి తీసుకుని, ఆవిడని పెట్టెలో దుప్పటి వేసి కూర్చోబెట్టి చెరువు గట్టు వరకు తీసుకెళ్ళాం. రెండు చేతులతో పెట్టె అంచులు పట్టుకుని మొదటి మలుపు దాకా గోవింద గోవింద అన్నారు, తర్వాత బాతుల్ని చూస్తూ ఊరుకున్నారు. మర్నాడు ఆవిడే బయల్దేరదామన్నారు.

పిల్లలు సొంతంగా తొక్కడం మొదలుపెట్టాక, మీరు వాళ్ళ ఎడమపక్కన, రోడ్డు వైపున ఉండండి. ఇద్దరు పక్కపక్కన తొక్కడం ఇక్కడ తప్పు కాదు. ఎదురుగాలి ఉన్నప్పుడో, కూడలి దగ్గర తడబడినప్పుడో కుడిచెయ్యి వాళ్ళ వీపు మీద వేసి మెల్లగా తోయండి, ఇక్కడి తల్లులందరూ అదే చేస్తారు. ఆ అరచేతి బరువుతోనే "ఆగు", "పద" అన్నీ చెప్పొచ్చు. పదకొండు పన్నెండేళ్ళకి బడిలోనే ట్రాఫిక్ పరీక్ష పెడతారు, రాతపరీక్ష కాక ఊళ్ళో సైకిల్ మీద తిప్పి కూడా చూస్తారు. హైస్కూలుకి పిల్లలు ఒంటరిగా వెళ్ళాల్సిందే కాబట్టి అప్పటిదాకా మీతో కలిసి తొక్కిన ప్రతి కిలోమీటరూ వాళ్ళకి ఉపయోగమే. హెల్మెట్ చట్టప్రకారం అక్కర్లేదు, ఇక్కడివాళ్ళు ఎక్కువమంది పెట్టుకోరు. మా పిల్లలకి నేను పెడతాను, మీరూ పెట్టండి, ఎవరేమనుకున్నా.

వాన, చీకటి, గాలి

డిసెంబర్‌లో నాలుగున్నరకే పొద్దు పోతుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలగాలి, మిణుకు మిణుకుమనేవి పనికిరావు. ఛార్జ్ చేసుకునే జత ఒకటి అదనంగా బ్యాగులో పెట్టుకోండి. వాన గురించి టెన్షన్ వద్దు, ప్యాంటు చొక్కా రెండూ ఉన్న రెయిన్ సూట్ కొనుక్కుని బయన్‌రాడార్ యాప్ చూసుకుంటే చాలు. పావుగంట ఆగితే వాన ఆగుతుందో లేదో అది చెబుతుంది. గొడుగు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. నీళ్ళు గడ్డకట్టే రోజుల్లో పెద్ద సైకిల్ దారుల మీద ఉప్పు చల్లుతారు, సందుల్లో చల్లరు, కాబట్టి దూరమైనా పెద్ద దారినే వెళ్ళండి.

పంక్చర్ మీరే వేసుకోండి

షాపులో కనీసం పదిహేను, ఇరవై యూరోలు, పైగా రెండ్రోజులు ఆగమంటారు. మన ఊరి సైకిళ్ళకి ఉండే వాల్వే ఇక్కడ చాలా సైకిళ్ళకి ఉంటుంది, కాబట్టి మీకు కొత్తేమీ కాదు. యాక్షన్, హేమా అనే షాపుల్లో ప్యాచ్‌ల డబ్బా దొరుకుతుంది. వెనక చక్రం విప్పకండి, గేర్లు, చైన్ కేస్, పెడల్ బ్రేక్ అన్నీ దానితో ముడిపడి ఉంటాయి, మళ్ళీ బిగించడం పెద్ద పని. సైకిల్ తిరగేసి, వాల్వ్ తీసి, టైరుని ఒకవైపు మాత్రమే చెంచాల్లాంటి ప్లాస్టిక్ పుల్లలతో ఎత్తి ట్యూబు బయటికి లాగండి. గాలి కొట్టి, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని కొంచెం కొంచెంగా ముంచుతూ వెళ్తే బుడగలు వస్తాయి. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తే మర్నాటికే ఊడుతుంది, నాకు మొదటిసారి అలాగే అయింది. ట్యూబు లోపల పెట్టే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడమండి, గాజు ముక్క ఇంకా అక్కడే ఉంటుంది.

స్టేషన్, స్కూటర్

రైలెక్కాలంటే సైకిల్ స్టేషన్ పార్కింగ్‌లో పెట్టండి, చాలా చోట్ల మొదటి 24 గంటలు ఉచితం. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పడతాయి, కాబట్టి పెట్టిన వరస నంబర్ ఫోటో తీసుకోండి. స్టాండ్ బయట ఎక్కడపడితే అక్కడ పెడితే మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకెళ్తారు, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. దిగిన ఊళ్ళో ఓవీఫీట్స్ అనే పసుపు, నీలం రంగు సైకిల్ అద్దెకి తీసుకోవచ్చు. సైకిల్‌ని రైల్లో తీసుకెళ్ళాలంటే వేరే టికెట్, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్య పనిరోజుల్లో కుదరదు. మడిచే సైకిల్‌కి ఆ బాధ లేదు.

ఆఫీసు దూరమై మోటార్ బండి కావాలనిపిస్తే ముందు ప్లేటు రంగు చూడండి. నీలం ప్లేటు స్కూటర్ గంటకి 25 కిలోమీటర్లు, పసుపు ప్లేటుది 45. రెండింటికీ లైసెన్స్, బీమా కావాలి, నీలం ప్లేటుకి కూడా 2023 జనవరి 1 నుంచి హెల్మెట్ తప్పనిసరి. ఆమ్‌స్టర్‌డామ్ రింగ్ రోడ్డు లోపల నీలం ప్లేటు బండి సైకిళ్ళ దారిలో కాకుండా రోడ్డు మీదే నడపాలి. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ నివాసం నమోదైన 185 రోజుల వరకే చెల్లుతుంది, 30 శాతం పన్ను మినహాయింపు ఉన్నవాళ్ళు, వాళ్ళ కుటుంబ సభ్యులు దాన్ని డచ్ లైసెన్స్‌గా మార్చుకోవచ్చు, మిగతావాళ్ళు పరీక్ష రాయాలి. మా ఆయన స్కూటర్ చూసి చూసి చివరికి ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నారు. 25 దాటితే మోటార్ ఆగిపోయేదానికి లైసెన్స్, ప్లేటు ఏవీ అక్కర్లేదు, పైగా పాపతో పక్కపక్కన వెళ్ళొచ్చు.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక ఆదివారం అందరూ కలిసి పది పదిహేను కిలోమీటర్లు వెళ్ళండి. ఆమ్‌స్టెల్‌వీన్ వాళ్ళకి ఆమ్‌స్టర్‌డామ్సె బోస్ అడవి పక్కనే, లోపల మేకల ఫారం ఉంది, పిల్లలు పాలసీసాలు పట్టుకుని మేకపిల్లలకి తాగిస్తారు. సైకిల్ దారుల కూడళ్ళ దగ్గర నంబర్ల బోర్డులుంటాయి, వెళ్ళాల్సిన నంబర్లు ముందే వరసగా రాసుకుని పట్టుకెళ్తే మ్యాప్ అక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం, నీళ్ళు, పంపు, ప్యాచ్‌ల డబ్బా. బయల్దేరే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, వెళ్ళేటప్పుడే ఎదురుగాలి వచ్చేలా దారి ఎంచుకోండి. సాయంత్రం పిల్లల కాళ్ళు అలిసిపోయే వేళకి గాలి వెనక నుంచి తోస్తుంది.